కరగడం అంటే ఏమిటి? ఉపరితల క్రియాశీల రసాయనాల నీటి ద్రావణీయతా మాపన చరిత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం

ఒక పదార్థం నీటిలో ఎంత కరుగుతుందో తెలుసుకోవడానికి సంతృప్త ద్రావణం తయారుచేసి, అందులోని పదార్థాన్ని కొలవడం సాధారణ పద్ధతి. సబ్బు, కుంకుడు రసం, సల్ఫేటీకరించిన ఆముదం వంటి ఉపరితల క్రియాశీల పదార్థాల దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది. ఈ పదార్థాల విషయంలో శాస్త్రజ్ఞులు కేవలం కొలతను మెరుగుపరచుకోలేదని, కొలవవలసిన ప్రశ్ననే మార్చుకున్నారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ మార్పును జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చాకిరేవు, ఆముదపు చేను, చెరువుల నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ద్రావణీయత, తలతన్యత, మిసెల్, కుంకుడు, చౌడు, ఆముదం, డిటర్జెంటు, చెరువు.

1. ఉపోద్ఘాతం

ఉప్పును నీటిలో వేసి కలుపుతూ పోతే ఒక దశలో అది కరగడం మానేస్తుంది. మిగిలినది గిన్నె అడుగున కనిపిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుందని పాఠ్యపుస్తకాలు చెప్పే మాటకు ఆధారం ఈ పరిశీలనే. కరిగిన భాగానికీ కరగని భాగానికీ మధ్య కంటికి కనిపించే గీత ఉంది. ఆ గీతే ద్రావణీయత.

కుంకుడు రసం విషయంలో ఆ గీత కనిపించదు. రసం చిక్కబడుతుంది, మసకబారుతుంది, నురగ కడుతుంది, పాత్ర గోడలకు అంటుకుంటుంది. కలిపినది కొంత అణువులుగా విడిపోతుంది, కొంత గుంపులు కడుతుంది, కొంత నీటి పైపొరను ఆక్రమిస్తుంది. వీటిలో దేనిని 'కరిగినది' అని పిలవాలి?

ఈ ప్రశ్న ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానంగా ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి వచ్చినవి. చెరువు మీద ఆధారపడిన వ్యవసాయం, చెరువు గట్టునే సాగిన చాకలి వృత్తి, చెరువులో చేపల వేట ఈ నేలకు సామాన్య లక్షణాలు. బయ్యారం చెరువు దగ్గరి మైలాంబ శాసనం కాకతీయ వంశక్రమానికి ముఖ్య ఆధారాలలో ఒకటి. భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువు కూడా కాకతీయుల నాటిదే. అటువంటి చెరువులోకి చేరే సబ్బు ఎంత, అందులో నిజంగా 'కరిగి' చేపను తాకేది ఎంత అన్న లెక్కకు ద్రావణీయతే మొదటి అంకె. ఆ అంకె సందేహాస్పదమైతే దానిపై కట్టిన లెక్కలన్నీ సందేహాస్పదమే అవుతాయి.

2. చౌడు, కుంకుడు, గార

మిల్లు సబ్బు ఊళ్ళకు చేరక ముందు బట్టల మురికి వదిలించడానికి ప్రధాన సాధనం చౌడు. సోడియం కార్బొనేటు వంటి క్షారలవణాలు పేరుకొన్న ఈ మట్టిని నీటిలో కలిపి, తేరిన నీటిలో బట్టలను నానబెట్టి, బానలో ఉడికించి, బండకేసి ఉతికేవారు. చౌడు స్వయంగా ఉపరితల క్రియాశీల పదార్థం కాదు. బట్టకు అంటిన చెమట జిడ్డులో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. క్షారం వాటితో చర్య జరిపి సబ్బును తయారుచేస్తుంది. అంటే సబ్బు బయట తయారై బట్ట మీదికి రావడం లేదు, మురికి నుంచే, బట్ట మీదే పుడుతున్నది. ఉడికించడం వల్ల చర్య వేగం పెరగడమే కాక, పుట్టిన సబ్బు నీటిలోకి దిగడం కూడా సులువవుతుంది. ఈ రెండో కారణానికి శాస్త్రీయ వివరణ 1895 దాకా రాలేదు. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

ఈ ప్రాంతంలో చాకలి వృత్తి గురించిన చర్చ సహజంగానే పాలకుర్తి చిట్యాల ఐలమ్మ వైపు మళ్ళుతుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆమె భూమి కోసం చేసిన పోరాటం చరిత్ర గ్రంథాలకెక్కింది. ఆ వృత్తిలోని రసాయన జ్ఞానం మాత్రం అంతగా ఎక్కలేదు. వెట్టిచాకిరీ గురించి రాసినవారు శ్రమను చూశారు, బానలో జరిగినదాన్ని చూడలేదు. ఇది చిన్న లోపమేమీ కాదు.

చౌడు నీరు నూలుకు సరిపోతుంది గాని పట్టుకూ ఉన్నికీ పనికిరాదు. క్షారం ఆ మాంసకృత్తుల పోగులను దెబ్బతీస్తుంది. అక్కడ కుంకుడు అవసరమవుతుంది. దక్షిణాది కుంకుడు కాయ పైపెచ్చులో సపోనిన్లు ఉంటాయి. కొవ్వులో ఇమిడే హెడరాజెనిన్ అనే కేంద్రభాగానికి, నీటిని ఇష్టపడే చక్కెర అణువుల గొలుసులు తగిలించి ఉన్న నిర్మాణం వాటిది. కాయ కొట్టి గింజ తీసి, పెచ్చులను వేడినీటిలో నానబెట్టి, పిసికి, వడగట్టడం ప్రతి ఇంటా తెలిసిన పని. రసం తీసిన పెచ్చులలో మళ్ళీ నీళ్ళు పోస్తే రెండోసారీ నురగ వస్తుంది, మూడోసారి పలచబడుతుంది. ఇంటి ఆడవాళ్ళు చూసేది ఎంత కరిగిందని కాదు, ఎక్కడి దాకా పలచన చేస్తే పని చేస్తుందని. మెట్టభూముల్లో పెరిగే గార చెట్టు కాయ గుజ్జులోనూ సపోనిన్లున్నాయి. పట్టు శుభ్రం చేయడానికి దానినీ వాడినట్లు ఉద్భిజ్జ సంపదపై వచ్చిన గ్రంథాలు పేర్కొంటాయి.

ఇదే ధోరణి ఔషధ పరీక్షల్లోనూ కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూలికల నాణ్యతకు సూచించిన 'నురగ సూచిక' పద్ధతిలో ఒక గ్రాము పొడిని మరిగించి 100 మిల్లీలీటర్ల కషాయం చేస్తారు. దానిని పది గొట్టాల్లో క్రమంగా పలచన చేసి, 15 సెకన్లు ఊపి, 15 నిమిషాలు ఆగి, ఏ గొట్టంలో నురగ ఒక సెంటీమీటరు ఎత్తు నిలిచిందో చూస్తారు. కుంకుడు నీళ్ళు పోసుకునే ఇంట్లో జరిగే పనికీ దీనికీ తేడా కొలగొట్టం, గడియారం మాత్రమే.

నురగ ఇచ్చే గుణమే చేపకు ప్రమాదకరం. మంగకాయ వంటి సపోనిన్ గల కాయలను దంచి మడుగుల్లో కలిపి చేపలను మత్తెక్కించడం భారతదేశపు అటవీ ప్రాంతాల్లో విస్తృతంగా నమోదైన పద్ధతి. సపోనిన్లు మొప్పల పొరలను దెబ్బతీస్తాయి. మనిషి పేగుల్లోంచి రక్తంలోకి అంత తేలికగా పోవు కనుక ఆ చేపను తినగలుగుతారు. పారే వాగులో ఈ పద్ధతి పనిచేయదు. నీరు తగ్గి మడుగులుగా విడిపోయినప్పుడే పనిచేస్తుంది. నీటి పరిమాణానికీ కలిపే కాయకూ నిష్పత్తి తెలిసి ఉండాలి. అది కూడా ఒక సీమాగాఢత జ్ఞానమే. బ్రిటిష్ ఇండియాలో 1897 నాటి మత్స్య చట్టం నీటిలో విషం కలపడాన్ని నేరంగా ప్రకటించింది.

3. ఆముదం కరిగిన కథ

నూనె నీటిలో కరగదన్నది సామెతలకెక్కిన సత్యం. దానిని పారిశ్రామికంగా తలకిందులు చేసినది సల్ఫేటీకరణ. 1846 ప్రాంతంలో జాన్ మెర్సర్ ఆలివ్ నూనెతో ఈ ప్రయోగం చేశాడు. 1870ల రెండో భాగంలో ఆలివ్ స్థానాన్ని ఆముదం ఆక్రమించింది. దీనికి కారణం ఆముదపు నిర్మాణంలో ఉంది. అందులోని కొవ్వు ఆమ్లాలలో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. దాని పన్నెండో కార్బన్ మీద హైడ్రాక్సిల్ సమూహం ఉంది. గంధకామ్లం ఆ సమూహంతో చర్య జరిపి, నూనె అణువుకు నీటిని పట్టుకునే చెయ్యి ఒకటి తగిలిస్తుంది. ఇలా తయారైన 'టర్కీ రెడ్ ఆయిల్' ఎర్ర రంగు అద్దకంలో వాడుకలోకి వచ్చింది. సబ్బు తరువాత మనిషి తయారుచేసిన తొలి ఉపరితల క్రియాశీల పదార్థంగా దీనిని లెక్కిస్తారు.

స్వాతంత్ర్యానికి ముందు దేశంలో ఆముదం పండించే ప్రాంతాల్లో హైదరాబాద్ సంస్థానానిది అగ్రస్థానం. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ జిల్లాల ఎర్ర చెలకలు అందుకు ఆధారం. 1944లో సంస్థానం ఏర్పరచిన పరిశోధనాశాలలు తరువాత ప్రాంతీయ పరిశోధనాశాలగా, 1956లో కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలిలో భాగంగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా మారాయి. నూనెలు, కొవ్వుల రసాయనశాస్త్రం అక్కడ మొదటి నుంచీ బలమైన శాఖ. భారతీయ ఆహార చరిత్రకారుడిగా ప్రసిద్ధుడైన కె. టి. అచ్చయ్య వృత్తిరీత్యా నూనెల రసాయన శాస్త్రజ్ఞుడని, ఆ సంస్థలోనే రెండు దశాబ్దాలు పనిచేశాడని చాలామంది సాహిత్య పరిశోధకులకు గుర్తుండదు.

సల్ఫేటీకరించిన నూనె 'కరిగిందా లేదా' అన్నది కొనుగోలుదారుకు డబ్బు ప్రశ్న. కొంత నూనెను పలురెట్ల నీటితో కలిపి నిలవబెట్టి చూస్తే తేటగా ఉండవచ్చు, పాలవలె ఉండవచ్చు, లేదా పైన నూనె బొట్లు తేలవచ్చు. తేటగా ఉన్నదే కరిగినదని వ్యాపారం తీర్పు చెప్పేది. కాని తేటదనం అణువులు విడివిడిగా ఉన్నందుకు సాక్ష్యం కాదు. కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవైన గుంపులు కూడా తేటగానే కనిపిస్తాయి. శాస్త్రం తేల్చుకోవలసిన ముడి ఇక్కడ ఉంది.

4. ప్రశ్న మారిన క్రమం

ముడి విప్పడంలో మొదటి అడుగులు వంటింట్లో పడ్డాయి. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఇంటి బాధ్యతల మధ్య ఆగ్నెస్ పాకెల్స్ ఒక తొట్టిలో నీటి పైపొర తలతన్యత జిడ్డు చేరినకొద్దీ ఎలా మారుతుందో కొలిచింది. ఆమె లేఖ 1891లో లార్డ్ రేలీ చొరవతో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఉపరితల క్రియాశీల పదార్థం గుట్టు నీటి లోపల కంటే నీటి పైన తెలుస్తుందన్న చూపు ఇక్కడ మొదలైంది.

1895లో క్రాఫ్ట్, విగ్లో సబ్బుల స్ఫటికీకరణను పరిశీలించారు. ఒక ఉష్ణోగ్రత దాకా సబ్బు నీటిలోకి అతి తక్కువగా దిగుతుంది. దానిని దాటగానే కరిగే పరిమాణం ఒక్కసారిగా పెరుగుతుంది. నేడు దీనిని క్రాఫ్ట్ ఉష్ణోగ్రత అంటారు. బానలో ఉడికించడానికి దొరికిన సమాధానం ఇదే. కొవ్వు గొలుసు పొడవైన సబ్బులకు ఈ ఉష్ణోగ్రత చాలా ఎక్కువ. కళాశాల ప్రయోగశాలల్లో సోడియం డోడెసిల్ సల్ఫేట్ ద్రావణం చలికాలపు ఉదయం సీసాలో తెల్లగా పేరుకోవడం అధ్యాపకులు చూసే ఉంటారు. కొద్ది డిగ్రీల తేడాతో ఒకే పదార్థానికి రెండు వేర్వేరు ద్రావణీయతలు వస్తున్నాయంటే, ఉప్పుకు పనికొచ్చిన నిర్వచనం ఇక్కడ ఇరుకైపోయినట్లే.

ఆ వింతకు కారణం చెప్పినవాడు బ్రిస్టల్‌లో పనిచేసిన జేమ్స్ విలియం మెక్‌బెయిన్. సబ్బు ద్రావణం విద్యుత్తును ప్రసరింపజేసే తీరు, దాని ఇతర ధర్మాలు పొసగకపోవడం గమనించి, 1913లో అయాన్లు గుంపులు కడుతున్నాయన్నాడు. ఆ మాటను సమకాలీన పండితులు కొట్టిపారేశారని రసాయన శాస్త్రజ్ఞుల మధ్య ఒక కథ ప్రచారంలో ఉంది. 1936లో హార్ట్లీ ఆ గుంపులకు గోళాకారపు స్వరూపం కల్పించాడు. జలవికర్షక తోకలు లోపలికి, జలాకర్షక తలలు బయటికి ఉండే మిసెల్ నిర్మాణం అప్పటి నుంచి స్థిరపడింది. మెక్‌బెయిన్ తన చివరి దశలో భారతదేశానికి వచ్చి, 1949లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు తొలి సంచాలకుడయ్యాడు. మన పాఠ్యపుస్తకాలు మిసెల్‌ను చెప్పేటప్పుడు ఈ సంగతిని ప్రస్తావించకపోవడం ఆశ్చర్యం.

మిసెల్ భావనతో ప్రశ్న మారింది. గాఢత పెంచుతూ పోతే ఒక స్థాయి వరకు అణువులు విడివిడిగా ఉంటాయి, తలతన్యత పడిపోతూ వస్తుంది. ఆ స్థాయి దాటాక అదనంగా వేసినదంతా గుంపులలోకి పోతుంది, విడి అణువుల గాఢత దాదాపు స్థిరపడుతుంది, తలతన్యత కూడా నిలిచిపోతుంది. ఆ స్థాయే సందిగ్ధ మిసెల్ గాఢత. సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు 25 డిగ్రీల వద్ద అది లీటరుకు సుమారు 8.2 మిల్లీమోల్‌లు, అంటే దాదాపు 2.4 గ్రాములు. అదే ఉష్ణోగ్రత వద్ద కంటికి తేటగా కనిపించే ద్రావణంలో దీనికి పదుల రెట్లు పదార్థాన్ని కలపవచ్చు. మిసెల్‌ను వేరొక ప్రావస్థగా భావిస్తే, ఉప్పు నీటిలో అడుగున మిగిలిన ఉప్పు ఎలాంటిదో, ఇక్కడ తేలుతున్న మిసెల్ అలాంటిది. 'ఎంత పడుతుంది' అన్న ప్రశ్న వెనక్కి పోయి, 'ఎక్కడి నుంచి గుంపు కడుతుంది' అన్నది ముందుకు వచ్చింది.

తెలుగు అకాడమీ పరిభాష ఈ భావనలన్నిటికీ మాటలు సమకూర్చింది. అయితే ద్రావణీయత ద్రావణాల పాఠంలోనూ, మిసెల్ ఉపరితల రసాయన శాస్త్రంలోనూ విడివిడిగా ఉండిపోయాయి. మొదటి దాని నిర్వచనాన్ని రెండోది దెబ్బతీస్తుందన్న మాట విద్యార్థికి చేరదు.

5. ప్రామాణిక పద్ధతిలోని చిక్కు

రసాయనాల భద్రతకు ఓఈసీడీ అని పిలిచే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1981లో పరీక్షా మార్గదర్శకాలు వెలువరించి, నీటి ద్రావణీయతకు సంబంధించిన 105వ మార్గదర్శకాన్ని 1995లో సవరించింది. లీటరుకు 10 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ కరిగే వాటికి ఫ్లాస్కు పద్ధతి, తక్కువ కరిగేవాటికి స్తంభ పద్ధతి. ఫ్లాస్కు పద్ధతిలో, ప్రాథమిక పరీక్షలో తేలిన దానికి సుమారు ఐదు రెట్లు పదార్థాన్ని మూడు పాత్రల్లో తీసుకొని 30 డిగ్రీల వద్ద కదిలిస్తారు. ఒకటి, రెండు, మూడు రోజుల తరువాత వరుసగా ఒక్కో పాత్రను తీసి, 20 డిగ్రీల వద్ద 24 గంటలు స్థిరపరచి, అపకేంద్రించి, తేట నీటిని విశ్లేషిస్తారు. కనీసం చివరి రెండు పాత్రల ఫలితాలు 15 శాతం లోపు తేడాతో సరిపోవాలి.

ఉపరితల క్రియాశీల పదార్థానికి ఈ వరుసలో దాదాపు ప్రతి మెట్టూ జారుడే. ఐదు రెట్లు అదనంగా వేస్తే మిసెల్‌లు తప్పవు. కదిలిస్తే నురగ, ఎమల్షన్ ఏర్పడతాయి. మిసెల్‌లు కొన్ని నానోమీటర్లవే కనుక సాధారణ అపకేంద్రణకు దిగవు, వడపోతకు ఆగవు. మరోవైపు విడి అణువులు గాజుకూ వడపోత పొరకూ అంటుకొని గాఢతను తగ్గిస్తాయి. పైగా వ్యాపార సరుకు ఒకే పదార్థం కాదు, వేర్వేరు గొలుసు పొడవుల మిశ్రమం. ఎక్కువ వేసినకొద్దీ నీటిలోకి వచ్చే పాళ్ళు మారుతాయి.

ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది. పదార్థం ఉపరితల క్రియాశీలమో కాదో తేల్చే 115వ మార్గదర్శకం తలతన్యతను సంతృప్త గాఢతలో 90 శాతం వద్ద కొలవమంటుంది. సంతృప్త గాఢత తెలియాలంటే 105 కావాలి. 105 నమ్మదగినదా అన్నది తెలియాలంటే 115 కావాలి. గరిష్ఠంగా లీటరుకు ఒక గ్రాము చాలన్న పరిమితి లేకపోతే ఈ వలయం తెగేది కాదు. 20 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన నీటి తలతన్యత మీటరుకు 72.75 మిల్లీన్యూటన్లు. ద్రావణపు విలువ 60 కంటే తగ్గితే ఆ పదార్థాన్ని ఉపరితల క్రియాశీలంగా పరిగణిస్తారు. అటువంటి పదార్థాలకు సందిగ్ధ మిసెల్ గాఢతనే ద్రావణీయతా పరిమితిగా తీసుకోవచ్చునని ఐరోపా రసాయనాల సంస్థ మార్గదర్శనం అంగీకరిస్తుంది. 2011లో భారతదేశం ఓఈసీడీ దత్తాంశాల పరస్పర ఆమోద వ్యవస్థలో పూర్తి భాగస్వామి కావడంతో, హైదరాబాదులోని ప్రయోగశాలలో కొలిచిన అంకెకు విదేశాల్లోనూ విలువ వచ్చింది. సంధికాలంలో కొలిచినదేమిటో నివేదికలో స్పష్టంగా రాయడం అందుకే ముఖ్యం. 'నీటిలో కలుస్తుంది' అన్న ఒక్క మాటతో సరిపెట్టే భద్రతా పత్రాలు చదివేవారికి ఏమీ చెప్పవు.

6. చెరువు లెక్క

1841లో స్కాట్లండ్ ఆచార్యుడు థామస్ క్లార్క్ సబ్బుతోనే నీటి కఠినతను కొలిచాడు. నీటి నమూనాకు ప్రామాణిక సబ్బు ద్రావణాన్ని కొద్దికొద్దిగా చేరుస్తూ, నిలిచే నురగ వచ్చేదాకా ఎంత పట్టిందో చూస్తారు. కాల్షియం సబ్బు నీటిలో దాదాపు కరగదు. ముందుగా అది మడ్డిగా విడిపోతుంది, ఆ తరువాతే నురగ. జనగామ వైపు గట్టి బావినీళ్ళలో సబ్బు అరిగి పోయినా నురగ రాకపోవడమూ, వాననీరు చేరిన చెరువులో అదే సబ్బు తేలికగా నురగ కట్టడమూ ఇందువల్లనే. చాకిరేవు చెరువు గట్టున ఉండడానికి నీటి లభ్యతతో పాటు దీనినీ ఒక కారణంగా పరిగణించాలి.

కఠిన జలంలోనూ పనిచేయడమే కృత్రిమ డిటర్జెంటు విజయం. భారతదేశంలో సర్ఫ్ 1959లో, నిర్మా 1969లో వచ్చాయి. పాశ్చాత్య దేశాల్లో శాఖలున్న గొలుసు డిటర్జెంట్లు సూక్ష్మజీవులకు లొంగక నదులపై నురగ దిబ్బలు కట్టడంతో, 1960ల నడిమి నుంచి శాఖలు లేని గొలుసు రకాలకు మారారు. నురగ తగ్గింది. నురగ లేనంత మాత్రాన పదార్థం లేనట్లు కాదన్నది కొలతలే చెప్పాలి.

భారతీయ ప్రమాణం 10500 ప్రకారం తాగునీటిలో రుణావేశపు డిటర్జెంట్ల ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, వేరే వనరు లేనప్పుడు 1 మిల్లీగ్రాము. సోడియం డోడెసిల్ సల్ఫేట్ సందిగ్ధ మిసెల్ గాఢతతో పోలిస్తే 0.2 అన్నది పన్నెండు వేల వంతు. అంటే చెరువులో మిసెల్ అనేది ఉండదు, ఉన్నదంతా విడి అణువే. మొప్పను తాకేది ఆ విడి అణువే. డిటర్జెంట్లలోని ప్రధాన రుణావేశ పదార్థం లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల స్థాయిలోనే చేపలకు ప్రాణాంతకం. ప్రయోగశాల ఫ్లాస్కులో మిసెల్‌లతో సహా కొలిచి 'అధిక ద్రావణీయత' అని రాసిన అంకె ఈ చెరువుకు ఏ విధంగానూ వర్తించదు. ప్రయోగశాలలో చేపల పరీక్ష పాత్రలో మిసెల్ గాఢత దాటి పదార్థాన్ని కలిపితే, వచ్చిన ఫలితం కూడా చెరువు పరిస్థితిని సూచించదు.

ప్రమాణం వాడే పరీక్ష మిథిలీన్ నీలంతో చేసేది. రుణావేశపు అణువు ఆ నీలి రంగును జత చేసుకొని సేంద్రియ ద్రావణిలోకి దిగుతుంది, ఆ నీలపు చిక్కదనాన్ని కొలుస్తారు. ఆవేశం లేని పదార్థాలు ఈ పరీక్షకు దొరకవు. ఆముదాన్ని ఇథిలీన్ ఆక్సైడుతో చర్య జరిపించి చేసే ఎథాక్సిలేట్లు అటువంటివే. నీటితో కలిపి పిచికారీ చేసే గాఢ పురుగుమందుల్లో మందును నీటిలో చెదరగొట్టడానికి వాటిని విరివిగా వాడతారు. సబ్బులకు విరుద్ధంగా, ఉష్ణోగ్రత పెరిగితే ఇవి ఒక స్థాయి దగ్గర మసకబారి నీటి నుంచి విడిపోతాయి. 20 డిగ్రీల వద్ద కొలిచిన ద్రావణీయత ఏప్రిల్ నెల మధ్యాహ్నపు నీటికి సరిపోదు. ఎర్ర చెలకల్లో ఆముదం తగ్గి పత్తి పెరిగింది. మహబూబాబాద్ ప్రాంతంలో మిరప ప్రధాన వాణిజ్య పంట. ఒకప్పుడు చెలకల్లోంచి గింజగా బయటికి వెళ్ళిన ఆముదం, రూపం మార్చుకొని మందు డబ్బాలో అదే చెలకలకు తిరిగి రావడానికి అవకాశం ఉంది. వానకు కొట్టుకుపోయి చెరువు చేరే ఆ భాగం మిథిలీన్ నీలం పరీక్షలో కనిపించదు. దానిని పట్టడానికి బిస్మత్ ఆధారంగా చేసే వేరొక పరీక్ష ఉంది గాని, తాగునీటి ప్రమాణపు రుణావేశ డిటర్జెంట్ల పరిమితిలో దాని ఫలితానికి చోటు లేదు.